ట్యాంకు కిట్‌కు ఏ రంగు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1/35 స్కేలు టైగర్-1 (రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు) కిట్ కొన్నాను. పెట్టె మీద మూడు రంగుల మచ్చలు వేసి ‘కుర్స్క్, 1943 జులై’ అన్నారు. పాత ఫోటోల్లో చూస్తే కొన్ని టైగర్లు ముదురు బూడిద రంగులో ఉన్నాయి. ఏది నమ్మాలి? – నెల్లూరు పాఠకుడు

జవాబు: రెండూ నిజమే, తేదీలే వేరు. జర్మన్ ట్యాంకులకు 1943 ఫిబ్రవరి దాకా మూలరంగు ముదురు బూడిద, జర్మన్ల ప్రామాణిక రంగుల పట్టిక ఆర్‌ఏఎల్‌లో 7021. ఆ నెల 18న వెలువడ్డ ఉత్తర్వుతో అది ముదురు పసుపుకు, అంటే 7028కి మారింది. ఖార్కోవ్‌లో ఆ శీతాకాలం పోరాడిన టైగర్లు బూడిద రంగు మీద తెల్లసున్నం పూసుకున్నవి. రష్యాలో జులైలో జరిగిన కుర్స్క్ యుద్ధం నాటికి పసుపు వచ్చేసింది.

పచ్చ 6003, ఎర్ర గోధుమ 8017 ఫ్యాక్టరీలో వేసినవి కావు. ముద్దగా డబ్బాల్లో యూనిట్లకు ఇచ్చేవారు. సిబ్బంది పెట్రోలుతోనో నీళ్లతోనో పలచన చేసి వేసుకునేవారు. ఎంత పలచన అయితే కింది పసుపు అంతగా కనబడుతుంది. అందుకే ఒకే కంపెనీలో పక్కపక్క ట్యాంకుల మచ్చలు కూడా కలవవు. మీరు వేయబోయే టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) నంబరు ట్యాంకు ఫోటోనే వెతకండి. ఒక వైపే దొరికితే రెండో వైపు ఊహతో వేయాల్సిందే, కానీ అద్దంలో బొమ్మలా తిప్పి మాత్రం వేయకండి.

రంగు డబ్బా తెరవకముందు కిట్ భాగాలు చూసుకోండి. పీపాలాంటి ఎత్తు కుపోలా (టరెట్ మీద కమాండర్ బయటికి చూసే చిన్న గోపురం) తీసేసి పోతపోసిన కొత్తది పెట్టడం 1943 జులైలో మొదలైంది. గీతలు గీతలుగా కనిపించే జిమ్మెరిట్ పూత ఆ ఏడాది ఆగస్టు-సెప్టెంబర్లలో వచ్చి 1944 సెప్టెంబరులో ఆగిపోయింది. రబ్బరు అంచులేని ఉక్కు చక్రాలు 1944 మొదట్లోవి. ఉక్కు చక్రాల టైగర్‌కు కుర్స్క్ డెకాల్ (గుర్తుల స్టిక్కరు) అంటిస్తే రంగు ఎంత కచ్చితంగా కలిపినా ఏం లాభం?

ప్రశ్న: నలుపు తెలుపు ఫోటోలో పచ్చ ఏదో, గోధుమ ఏదో ఎలా చెప్పాలి? – హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ఛాయ ఒక్కటే చూసి చెప్పలేం. అప్పట్లో ఎరుపుకు స్పందించని ఫిల్మూ వాడుకలో ఉంది. దాని మీద ఎర్ర గోధుమ దాదాపు నల్లగా పడుతుంది. ముందుగా ఫోటోలో ఎన్ని ఛాయలున్నాయో లెక్కపెట్టండి. శిలువ గుర్తులోని తెలుపు, నలుపులను రెండు కొసలుగా పెట్టుకుని మిగతావి వాటితో పోల్చండి. మూడు ఛాయలు తేలితే మూడు రంగులు. రెండే తేలితే పసుపు-పచ్చా, పసుపు-గోధుమా అన్నది ఆ యూనిట్‌వే ఇతర ఫోటోలు, రికార్డులు చూసి తేల్చుకోవాలి. కింది చక్రాల దగ్గర ఛాయను అసలు లెక్కలోకి తీసుకోవద్దు, అక్కడ ఉండేది దుమ్ము. కంప్యూటర్‌లో రంగులద్దిన ఫోటోలు సాక్ష్యం కావు, అద్దినవారి ఊహే.

ప్రశ్న: బ్రిటిష్ మటిల్డా ట్యాంకును ఎడారి రంగుల్లో వేస్తున్నాను. లేత నీలం వాడాలా? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: వద్దు. మోడల్ లోకంలో ఇంతగా పాతుకుపోయిన పొరపాటు ఇంకోటి లేదేమో. మీరు వేస్తున్నది కాంటర్ స్కీము, అంటే బ్రిటిష్ సైన్యం ఎడారిలో వాడిన మచ్చల పద్ధతి. 1940లో మొదలై 1941 చివరికి పోయింది. ఈజిప్టులో దీని మూడు రంగులు పోర్ట్‌లాండ్ స్టోన్, సిల్వర్ గ్రే, స్లేట్. సిల్వర్ గ్రే అంటే కాస్త పచ్చదనం తగిలిన లేత బూడిద. తరువాతి కాలంలో ఒక మ్యూజియం ట్యాంకుకు ఆ చోట నీలం వేశారు. దాన్ని చూసి కిట్ కంపెనీలు, రంగుల కంపెనీలు అదే బాట పట్టాయి. ప్రదర్శనలోని ట్యాంకు ఎన్నిసార్లు రంగు మార్చుకుందో తెలియకుండా దాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు.

మచ్చల అంచులు వంకర లేని సరళరేఖలు. వాహనం రకాన్ని బట్టి అధికారిక నమూనా ఉండేది కాబట్టి ఇక్కడ ఊహకు చోటు తక్కువ. మాస్కింగ్ టేపు వేసి లేత రంగు ముందు, ముదురు చివర కొట్టండి. 1940 డిసెంబరు 9న ఈజిప్టులోని నిబేవాలో మన 4వ ఇండియన్ డివిజన్‌కు దన్నుగా నడిచిన 7వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్ మటిల్డాలు ఈ కాలానివే. డయోరమా (నేల, మనుషులతో సహా దృశ్యపు నమూనా) చేసేవారికి మంచి సందర్భం.

ప్రశ్న: ఆర్‌ఏఎల్ చార్టుతో సరిపోయేలా కలిపినా ట్యాంకు నల్లబడినట్టు ఉంటోంది. ఎందుకు? – డాలస్ పాఠకుడు

జవాబు: చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా అనిపిస్తుంది. దాని మీద వాష్‌లు, ఫిల్టర్లు (బాగా పలచన చేసిన రంగు పూతలు) పడ్డాక ఇంకా దిగుతుంది. కాబట్టి మూలరంగే ఒక మెట్టు తేలికగా ఉండాలి. పది చుక్కలకు ఒక చుక్క తేలిక రంగుతో మొదలుపెట్టండి. పసుపులో, పచ్చలో తెలుపు కన్నా లేత ఇసుక రంగు మేలు. ఎర్ర గోధుమలో తెలుపు కలిపితే గులాబీలోకి పోతుంది.

ఎక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక మరోలా ఉంటుంది. అదే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టిన ప్లాస్టిక్ స్పూను మీద వేసి, రాత్రంతా ఆరనిచ్చి, పగటిపూట నీడలో చార్టు పక్కన పెట్టి చూడండి. ఎల్‌ఈడీ కింద సరిపోయిన జత ఎండలో విడిపోవచ్చు.

ప్రశ్న: సోవియట్ ట్యాంకు టీ-34-85కు కుర్స్క్ గుర్తులు వేయవచ్చా? – గుంటూరు పాఠకుడు

జవాబు: కుదరదు. 85 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న టీ-34 తయారీ 1944 జనవరిలో మొదలైంది. దానికి బెర్లిన్ 1945 నప్పుతుంది: సోవియట్ ట్యాంకుల మామూలు రంగైన 4బీఓ పచ్చ మీద టరెట్ చుట్టూ తెల్ల పట్టీ, పైకప్పున తెల్ల శిలువ. ఇవి విమానాలు గుర్తుపట్టడానికి చేత్తో బ్రష్‌తో వేసినవి. అంచులు టేపు పెట్టి గీసినట్టు రాకూడదు.