రక్తానికి 42 రోజులు, గ్రాంటుకు 12 నెలలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిల్లల ఆరోగ్యం కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలో చేరి, నాయకత్వ స్థాయికి ఎదిగి, చివరిదాకా అక్కడే ఉండాలని ఉంది. సాధ్యమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సాధ్యమే. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు, ఉన్న పిల్లలకు ఉచితంగా రక్తం ఎక్కించే ఒక సంస్థలో నేను 2003లో లెక్కలు రాయడానికి చేరాను. 2023లో దాని కార్యనిర్వాహక బాధ్యతల నుంచి తప్పుకున్నాను. ఈ 20 ఏళ్లలో ‘నాయకత్వం’ అన్న మాట మా కార్యాలయంలో విన్న గుర్తు లేదు. రోజూ వినిపించింది ఒక్కటే: “రేపటికి ఎన్ని యూనిట్లున్నాయి?”

ముందు పని స్వభావం చెబుతాను. ఆ జబ్బు తీవ్రరూపమైన తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మూడు వారాల లెక్క వేసుకున్నా ఏడాదికి 17 సార్లు. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఐరన్ పేరుకుపోయి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది కనుక దాన్ని బయటికి పంపే మందు కూడా ఏళ్ల తరబడి వాడాలి. ఎముక మజ్జ మార్పిడి కుదిరే పిల్లలు కొద్దిమందే. మిగిలినవాళ్లకు ఈ రాకపోకలు జీవితాంతం ఉంటాయి. దాతలు మాత్రం ఒక ఆర్థిక సంవత్సరానికి డబ్బిస్తారు. పొంతన లేని ఈ రెండు క్యాలెండర్లను ముడివేయడమే మీరు అడుగుతున్న ఆ పదవి.

దాన్ని నాకు నేర్పింది మే నెల. రక్తదాన శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో జరుగుతాయి. వేసవి సెలవులు రాగానే హాస్టళ్లు ఖాళీ. పోనీ ఫిబ్రవరిలో తీసింది దాచుకుందామంటే అది ఆవకాయ కాదు, ఎర్రకణాలు ఏ ద్రావణంలో ఉంచారన్నదాన్ని బట్టి 35 రోజులో, 42 రోజులో నిలుస్తాయి. ఒకసారి ఇచ్చిన మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. ఇవేవీ తెలియని నేను 2006 మే నెలలో ఒక ఉదయం వార్డులోకి వెళ్లాను. 11 మంది పిల్లలు వచ్చారు, ఆరుగురికే రక్తం ఉంది. హిమోగ్లోబిన్ ఎవరికి బాగా పడిపోయిందో చూసి డాక్టరుగారు ఆరుగురిని ఎంచారు. మిగిలిన అయిదుగురి తల్లిదండ్రులకు ఆ మాట చెప్పే పని నా మీద పడింది. రాత్రి బస్సులో ప్రయాణం చేసి వచ్చిన ఒక తండ్రి నన్ను ఏమీ అనలేదు. “మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?” అని మాత్రం అడిగి, బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే పాత రిజిస్టర్లన్నీ తీసి, ఎవరు ఏ నెలలో రక్తం ఇచ్చారో, మళ్లీ ఎప్పుడు ఇవ్వగలరో ఒక నోటుపుస్తకంలో రాశాను. సెలవులకు ఊరు వెళ్లని వాళ్లెవరని వెతికితే ఆర్టీసీ డిపోలు, బ్యాంకు శాఖలు, అపార్టుమెంటు సంఘాలు కనిపించాయి. జనవరి నుంచే వాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. కొరత పూర్తిగా తీరలేదు. కానీ ట్రస్టీలు నన్ను తమ సమావేశాలకు పిలవడం మొదలైంది అప్పటి నుంచే. నా దగ్గర వైద్య డిగ్రీ లేదు, మేనేజ్‌మెంటు డిగ్రీ లేదు. ఉన్నది ఆ పుస్తకమే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్నాక నిధులు పెరిగిన మాట నిజం. అయితే చాలామంది యంత్రం కొనిస్తామనేవారు. యంత్రం మీద పేరు చెక్కించుకోవచ్చు, కౌన్సెలర్ జీతం మీద చెక్కించుకోలేరు కదా! ఇక విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఆ విరాళాల్లోంచి పరిపాలనకు ఖర్చు చేయగల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించింది. ఆ ఏడాది నేను పిల్లల కంటే ఆడిటరునే ఎక్కువగా చూశాను.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక దాత కోరారని తొమ్మిదేళ్ల పాప ఫోటోను క్యాలెండరు మీద వేయించాను. తల్లి సంతకం పెట్టింది, కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. 12 ఏళ్ల తర్వాత ఆ పాపే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఉద్యోగంలో చేరిందట. ఇంటర్నెట్‌లో ఆ ఫోటో చూసి తోటి ఉద్యోగులు జాలి పడుతున్నారట. “అమ్మను అడిగారు సరే, నన్ను అడిగారా మేడం?” అంది. క్షమాపణ చెప్పాను, తీయించగలిగినంత తీయించాను. పిల్లల ముఖాలు దాతలకు ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నాం. దానివల్ల ఒక దాత వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి.

చనిపోయిన పిల్లల గురించి ఇక్కడ రాయను. మీరు చేరితే మీకే తెలుస్తుంది. అలాంటి రోజుల్లో నేను మధ్యాహ్నం దాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టేదాన్ని కాదు.

ఇప్పుడు మీ సంగతి. జీతం బాగా తగ్గుతుంది, ఇంటి అప్పు ఉంటే ముందు తీర్చుకోండి. సాఫ్ట్‌వేర్ నుంచి వస్తున్నారు కనుక మొదటి నెలలోనే యాప్ చేసిపెడతానంటారు. ఆగండి. ఉద్యోగం మానకుండానే శనివారాలు ఒక సంస్థకు వెళ్లి, పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చోండి. ఏ తల్లి ఎంత దూరం నుంచి వస్తోందో, రక్తం తక్కువైనప్పుడు ఎవరు ఎవరికి ఫోను చేస్తున్నారో చూడండి. వెళ్లేది ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. డిసెంబరులో చూస్తే ఏ సంస్థయినా బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.