నాలుకపై తెల్లపూత కనిపిస్తే హెచ్‌ఐవీ సోకినట్లేనా?

మూడు వారాల క్రితం కండోమ్ లేకుండా కలిసిన తరువాత నాలుకపై తెల్లపూత, పెదవి లోపల పుండ్లు వచ్చాయనీ, హెచ్‌ఐవీ భయంతో నిద్ర పట్టడం లేదనీ రాశారు. నోటిని చూసి హెచ్‌ఐవీ ఉందనీ లేదనీ ఎవరూ తేల్చలేరు, వైద్యులైనా సరే.

హెచ్‌ఐవీకి గుర్తుగా చెప్పుకొనే కాండిడా అనే ఫంగస్ పూత సాధారణంగా వైరస్ సోకిన కొన్నేళ్లకు, రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా తగ్గాక వస్తుంది. మూడు వారాలకే కనిపించే పూతకు నోరు ఎండిపోవడం, పొగతాగడం, యాంటీబయాటిక్స్, ఆస్తమా ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించకపోవడం వంటివే ఎక్కువగా కారణాలు. పుండ్లకైతే బీ12 లోపమో, పన్ను ఒరుసుకోవడమో చాలు. తొలి వారాల్లో హెచ్‌ఐవీ వల్ల జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, కొందరిలో నోటి పుండ్లు రావడం నిజమే కానీ, ఇతర వైరల్ జ్వరాల్లోనూ అవే కనిపిస్తాయి. అద్దం ముందు టార్చి వేసి గంటకోసారి నాలుక గీకి చూసుకుంటే (చాలామంది చేసే పనే ఇది) పుండు రేగుతుంది, సందేహం తీరదు.

తేల్చేది రక్తపరీక్షే. సిరనుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగోతరం పరీక్ష (వైరస్ భాగాన్నీ, దానిపై శరీరం తయారుచేసే యాంటీబాడీలనూ కలిపి చూసేది) 45 రోజులకు, కేవలం యాంటీబాడీలను చూసే పరీక్ష 90 రోజులకు నెగెటివ్ వస్తే, మధ్యలో మరో ప్రమాదం లేనప్పుడు, ఆ సంఘటన వరకు నిశ్చింతగా ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (సమీకృత కౌన్సెలింగ్, పరీక్షా) కేంద్రాల్లో పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. వివరాల గోప్యతకు 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రక్షణ ఉంది. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, హెచ్‌ఐవీ సంగతి ఎలా ఉన్నా, దంతవైద్యునికి చూపించండి.