మెడ మీది పులిపిర్లు డాక్టరు దగ్గర తీయించుకుంటే నొప్పి ఉంటుందా, మచ్చలు పడతాయా?

మీ అమ్మగారికి మెడ చుట్టూ చిన్న చిన్న పులిపిర్లు లేచాయని, నల్లపూసల గొలుసుకు తగిలి మండుతున్నాయని, డాక్టరు దగ్గర తీయిస్తే నొప్పి, మచ్చ ఉంటాయేమోనన్న భయంతో ఇంట్లోనే సున్నం పెట్టుకుంటానంటున్నారని రాశారు. ఆ రెండు పనులూ నేను చేశాను కాబట్టి నాకు జరిగినది జరిగినట్టు చెబుతాను.

ముందు సున్నం సంగతి. ఆరేళ్ల క్రితం, బంధువులావిడ చెప్పిన మాట మీద, సున్నంలో చాకలి సోడా కలిపి అగ్గిపుల్ల కొసతో మెడ వెనకనున్న ఒక పులిపిరికి అద్దాను. నాలుగో రోజుకు అది నల్లబడి రాలిపోయిన మాట నిజమే. అయితే ఆ ముద్ద చెమటకు కరిగి చుట్టుపక్కలకు జారడంతో, జొన్నగింజంత పులిపిరి ఉన్న చోట శనగబద్దంత పుండు పడింది. మానడానికి మూడు వారాలు పట్టింది, ఆ నల్లమచ్చ నేటికీ పోలేదు. సున్నం, సోడా రెండూ ఘాటైన క్షారాలు. పులిపిరి ఏదో, మంచి చర్మం ఏదో వాటికి తెలియదు, పైగా పెట్టిన చోటి నుంచి లోపలికి తినుకుంటూ పోతాయి. దయచేసి అమ్మగారిని ఆ పని చేయనివ్వకండి. ఆన్‌లైన్లో అమ్మే చుక్కల మందులూ నాకు సమ్మతం కాదు. పుట్టుమచ్చలను, వేలాడే మెత్తటి పులిపిర్లను ఇంట్లోనే తొలగించుకునే మందు వేటికీ తాము ఆమోదం ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది కూడా.

రెండేళ్ల తరువాత చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు, ఆవిడ మందు మాట ఎత్తకముందే చిన్న భూతద్దంలాంటి పరికరంతో ఒక్కొక్క దానినీ చూశారు. మనం పులిపిరి అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు వాటిని పిలుస్తామని నాకు అప్పుడే తెలిసింది. గరుకుగా, పైన బొడిపెలుగా ఉండేది వైరస్ వల్ల వచ్చేది. అది ఒకచోటి నుంచి మరొకచోటికి, ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటుంది. మెత్తగా, సన్నని కాడకు వేలాడుతూ, మెడ, చంకలు, గజ్జలు, కనురెప్పల వంటి ఒరుసుకునే చోట్ల వచ్చేది స్కిన్ ట్యాగ్. అది అంటుకోదు, దానంతట అది హాని చేయదు. నావి పద్నాలుగూ ఈ రెండో రకానివే.

తీసే రోజున మెడకు మత్తు క్రీము దట్టంగా రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం అతికించి, ముప్పావు గంట కూర్చోబెట్టారు. తరువాత ఒక్కొక్క దానినీ పట్టకారుతో పైకి లాగి, రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రం సూదికొనను కాడ మొదట్లో తాకిస్తే, క్షణంలో అది ఊడి వచ్చేది. వెంట్రుక కాలిన వాసన వచ్చేది. పోపులో ఆవగింజ చిట్లి చేతి మీద పడితే ఎంత చురుక్కుమంటుందో, అంతే నొప్పి. చంకలో ఉన్న పెద్దదానికి మాత్రం మత్తు ఇంజెక్షను ఇచ్చి, కత్తెరతో కత్తిరించి, రక్తం రాకుండా మొదట్లో కాల్చారు. ఆ ఇంజెక్షనే అన్నిటికంటే ఎక్కువ నొప్పి. కుట్లు పడలేదు, అరగంటలో పని ముగిసింది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి గురించి అడిగితే, మైనస్ 196 డిగ్రీల ఆ చలికి మన చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చలు మిగిలే అవకాశం ఉంటుందని, అందుకే మెడకు వద్దంటానని చెప్పారు.

తీసిన చోటల్లా చిన్న పెచ్చులు కట్టి, ఎనిమిదో రోజుకు వాటంతటవే రాలిపోయాయి. గోటితో గిల్లితే మచ్చ పడుతుందని గట్టిగా చెప్పారు. ఇచ్చిన పూతమందు రాయడం, ఎండలోకి వెళ్లేటప్పుడు పైట కప్పుకోవడం తప్ప నేను చేసినదేమీ లేదు. కింద మిగిలిన గోధుమరంగు చుక్కలు రెండు మూడు నెలల్లో చర్మంలో కలిసిపోయాయి. పది రోజులు మెడలో ఏమీ ఉంచవద్దన్నారు. సూత్రాలు తీయడానికి నాకు మనసు ఒప్పలేదు. మా అత్తగారే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి నా చేతికి ముడివేశారు. మీ అమ్మగారూ ఈ మాట దగ్గరే ఆగుతారేమోనని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను డాక్టరు దగ్గరకే వెళ్లమని పట్టుబట్టడానికి మరో కారణం ఉంది. నా మెడ మడతలు నల్లబడి మందంగా ఉండటం చూసి, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని ఆవిడ అడిగారు. మా నాన్నగారికి ఉందని చెబితే, రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష రాశారు. 6.1 వచ్చింది, 5.7 నుంచి 6.4 వరకు షుగరు రాబోతున్న దశగా లెక్క. ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో దాని మోతాదు పెరిగినప్పుడు చర్మం ఇలా పెరుగుతుందట. పులిపిర్లున్న అందరికీ షుగరు ఉంటుందని కాదు గానీ, ఆ పరీక్ష చేయించకుండా ఊరుకోకండి. తీసినవి నాకు తిరిగి రాలేదు; ఈ నాలుగేళ్లలో వేరే చోట మూడు కొత్తవి మాత్రం వచ్చాయి.

వెళ్లేటప్పుడు అమ్మగారు వాడే మందుల చీటీలు తీసుకువెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గాయం మానాక మచ్చ ఉబ్బే తత్వం ఉన్నా ముందే చెప్పాలి. కనురెప్ప అంచున ఏదైనా ఉంటే దానిని కంటి డాక్టరుకు చూపించండి. రంగు మారినది, దానంతటదే రక్తం కారేది, త్వరత్వరగా పెరిగేది ఒక్కటి ఉన్నా, దానిని కాల్చేయకుండా కోసి బయాప్సీకి, అంటే ఆ ముక్కను ల్యాబులో పరీక్షించడానికి, పంపాలేమో డాక్టరును తప్పక అడగండి.