ఏడేళ్ల కారు రుణమూ, నాలుగేళ్లలో ఫ్లాటూ ఒకదానికొకటి అడ్డం

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. నానక్‌రాంగూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్‌లో అద్దె ఇల్లు. చేతికొచ్చే జీతం 98 వేలు. అద్దె 17 వేలు, కరీంనగర్‌లో అమ్మకు 15 వేలు, ఆఫీసు క్యాబ్‌లకయ్యే 7 వేలతో కలిపి మిగతా ఖర్చులు 19 వేలు. నెలకు 25 వేలు మ్యూచువల్ ఫండ్ సిప్ కడుతున్నాను. ఈక్విటీ ఫండ్లలో 9 లక్షలు, ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. త్వరలో లక్ష దాకా బోనస్ వస్తుంది. నాకు కావాల్సింది చిన్న కారే, కానీ తొక్కితే దూసుకెళ్లాలి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ టాప్ ఆటోమేటిక్‌కు ఎక్స్‌షోరూం 11.50 లక్షలు, పన్ను, బీమా అన్నీ కలిపి ఆన్‌రోడ్ 14.20 లక్షలు చెప్పారు. 12.50 లక్షలకు 9 శాతం వడ్డీతో ఏడేళ్ల లోన్ ఇప్పిస్తామంటున్నారు. రెండేళ్లు సిప్ ఆపితే సర్దుకుపోవచ్చనుకుంటున్నా. మామయ్య స్విఫ్ట్ చాలంటారు, ఫ్రెండేమో సెకండ్ హ్యాండ్ పోలో జీటీ చూడమంటున్నాడు. నాలుగేళ్లలో ఫ్లాట్ కూడా కొనాలి. ఏం చేయమంటారు?

జవాబు: కారు కొనండి. మీ మనసులో ఉన్న కారే కొనండి. నా అభ్యంతరం ఆ వేరియంట్ మీద, ఆ ఏడేళ్ల మీద.

ముందు మామయ్యగారి మాట. స్విఫ్ట్ మంచి కారే. ఖర్చు తక్కువ, అమ్మేటప్పుడు ధర బాగా పలుకుతుంది. అయితే ఇంజన్ శక్తి దానికి 82 పీఎస్, మీ ఐ20 ఎన్ లైన్‌కు 120. ఇష్టం చంపుకుని కొని, రెండేళ్లకే ఎక్స్చేంజ్‌కి తీసుకెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. అంతకంటే దండగ ఖర్చు ఉండదు. కొత్త కారు ఏడాది దాటగానే బీమా లెక్కల్లోనే దాని విలువలో 20 శాతం పోతుంది. పోలో సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇక్కడ దాని తయారీ 2022లోనే ఆగిపోయింది. పాత 1.2 జీటీ టీఎస్ఐలో ఉన్న డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు మొరాయిస్తే బిల్లు లక్ష దాటొచ్చు. పాత కార్లకు లోన్ వడ్డీ కూడా ఎక్కువే. మెకానిక్ అన్నయ్యో బాబాయో ఇంట్లో ఉంటే తప్ప వద్దంటాను.

ఇక అసలు లెక్కకు వద్దాం. మీ ఖర్చులన్నీ పోను నెలకు 47 వేలు మిగులుతాయి. సిప్ తీసేస్తే 22 వేలు. కారు వస్తే క్యాబ్ ఖర్చు 7 వేలు తగ్గుతుంది కాబట్టి 29 వేలు అనుకుందాం. షోరూం వాళ్లు చెప్పిన లోన్‌కు ఈఎంఐ సుమారు 20,100. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, మన ట్రాఫిక్‌లో లీటరుకు 11 ఇచ్చిందనుకుంటే, లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలుకే 9,700. బీమా, సర్వీసింగ్, టైర్లకు నెలకు 3 వేలు పక్కన పెట్టాలి. మొత్తం 32,800. అంటే మొదటి నెల నుంచే దాదాపు 4 వేలు తక్కువ పడుతుంది. సిప్ ఆపాలన్న ఆలోచన మీకు వచ్చింది అందుకే. ఏడేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 4.39 లక్షలు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. నాలుగేళ్ల తర్వాత మీరు హోమ్ లోన్‌కు వెళ్లినప్పుడు ఈ ఈఎంఐ ఇంకా మూడేళ్లు మిగిలే ఉంటుంది. బ్యాంకు మీ జీతంలోంచి ముందు దాన్ని తీసేసి, మిగిలినదాని మీదే మీకు ఎంత ఇవ్వొచ్చో లెక్కేస్తుంది. 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల లోన్‌కు లక్షకు నెలకు 868 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన 20,100 ఈఎంఐ దాదాపు 23 లక్షల హోమ్ లోన్‌ను మింగేస్తుంది. మియాపూర్, బాచుపల్లి వైపు రెండు బెడ్‌రూములకూ మూడు బెడ్‌రూములకూ మధ్య తేడా కొన్నిచోట్ల ఇంతే.

అందుకే నా సలహా: అదే కారులో కింది వేరియంట్, ఎన్6 మాన్యువల్. ఒక లీటరు టర్బో ఇంజనూ, 120 పీఎస్‌లూ, ఆరు ఎయిర్‌బ్యాగులూ అన్నీ దీనిలోనూ ఉన్నాయి. బోస్ స్పీకర్లు, పెద్ద స్క్రీన్ ఉండవు. ఎక్స్‌షోరూం పది లక్షల లోపే ఉంటుంది. తెలంగాణలో కారు కొనేటప్పుడు ఆ పది లక్షలే గీత. 5 నుంచి 10 లక్షల వరకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, పది దాటితే కనీసం 17. దాటిన మొత్తం మీదే కాదు, పూర్తి ధర మీద. 9.95 లక్షల కారుకు 1,39,300 కడితే, 10.05 లక్షల కారుకు కనీసం 1,70,850 కట్టాలి. ధరలో పది వేల తేడాకు పన్నులో 31 వేలకు పైగా తేడా! పది దాటితే ఒక శాతం టీసీఎస్, అంటే షోరూంలోనే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తారు. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ ముందైతే జేబులోంచి పోవాల్సిందే.

ఎన్6 ఎక్స్‌షోరూం 9.30 లక్షలనుకుంటే ఆన్‌రోడ్ సుమారు 11 లక్షలు. అంటే 3 లక్షలకు పైగా ఆదా. 2025 సెప్టెంబర్ 22 నుంచి, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఇదివరకు సెస్సుతో కలిపి 29. ఈ కారు 3,995 మిల్లీమీటర్లు, 998 సీసీ. సరదాకి ఫోక్స్‌వ్యాగన్ వర్టుస్ జీటీ ప్లస్ నడిపి చూడకండి, మనసు మారుతుంది. పొడవులోనూ సీసీలోనూ గీత దాటిన ఆ కారు మీద జీఎస్టీ 40 శాతం.

కొత్తగూడ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేనంటారా? ఆ మాట తీసిపారేయను. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు మీద కాకుండా, బుధవారం సాయంత్రం ఆరున్నరకు గచ్చిబౌలి నుంచి ఆల్విన్ చౌరస్తా దాకా చేయండి. రెండు గేర్‌బాక్సులతోనూ. ఎడమకాలు ఒప్పుకోకపోతే ఆటోమేటిక్కే తీసుకోండి, కానీ ఆ పైసొమ్ము లోన్‌లోంచి కాకుండా పొదుపులోంచి పెట్టండి.

డబ్బు ఎక్కడిది? ఎఫ్‌డీలో 3 లక్షలు ముట్టుకోవద్దు. మీ ఖర్చులు నెలకు 51 వేలు, అది ఆరు నెలల భద్రత. మిగిలిన లక్ష, బోనస్ లక్ష, ఫండ్లలోంచి 3 లక్షలు, మొత్తం 5 లక్షలు డౌన్ పేమెంట్. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ యూనిట్లు అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, వాటిలో లాభం ఎక్కువ ఉండొచ్చు. అమ్మే ముందు యాప్‌లో చూసుకోండి. పరిమితి దాటేలా ఉంటే సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో తీయండి.

మిగతా 6 లక్షలకు నాలుగేళ్ల లోన్. అదే 9 శాతానికి ఈఎంఐ 14,930, మొత్తం వడ్డీ 1.17 లక్షలు. పెట్రోలు, ఇతర ఖర్చులు కలిపితే నెలకు 27,600. మీ దగ్గరున్న 29 వేలలో సరిపోతుంది, సిప్ ఆపక్కర్లేదు. ఫ్లాట్ సమయానికి ఈ లోన్ తీరిపోతుంది. ఫిక్స్‌డ్ వడ్డీ అయితే ముందే తీర్చేసినందుకు చార్జీ ఎంతో సంతకానికి ముందే అడగండి.

బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట రెండు కొటేషన్లు తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. వెయ్యి సీసీ లోపు కాబట్టి మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం, 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం, 6,521 రూపాయలే. అక్కడ మిగిలినది జీరో డిప్రిసియేషన్‌కూ (విడిభాగాల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) ఇంజన్ ప్రొటెక్షన్‌కూ పెట్టండి. వానాకాలంలో మన రోడ్లు మీకు తెలియనివి కావు. నీళ్లు వెళ్లి ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే మామూలు పాలసీలో క్లెయిమ్ రావడం కష్టం. ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి రీమ్యాప్ చేయిస్తే ఇంకో ఇరవై పీఎస్‌లు వస్తాయని ఎవరైనా చెబితే వినకండి. వారంటీ పోతుంది, బీమా కంపెనీకీ ఓ సాకు దొరుకుతుంది.

కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలని ఓ వరస కనిపిస్తే కొట్టేయించండి. ఫ్యాన్సీ నంబరు మోజు ఉంటే ఆ ఖర్చు ఈ లెక్కలో లేదు. బ్యాలెన్స్ కట్టే ముందు ఛాసిస్ నంబరు తీసుకుని, యార్డుకు వెళ్లి తయారీ నెల చూసుకోండి. కిందటేడాది స్టాక్ అయితే, ఏడెనిమిదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉన్నప్పుడే ఒప్పుకోండి, అదీ గట్టి డిస్కౌంట్ ఇస్తేనే.