‘ద సూట్స్’ అంటే బట్టలు కాదు

‘ద సూట్స్ కిల్డ్ అవర్ ప్రాజెక్ట్’ అనే ఇంగ్లీషు వాక్యం మీకు అర్థం కాలేదంటే కారణం, సూట్స్‌ని బట్టలనుకోవడం. ఇక్కడ సూట్స్ అంటే వాటిని తొడుక్కునే మనుషులు: నిర్ణయాలు తీసుకునే పై మేనేజర్లు.

1. ముందు క్రియ చూడండి. ఆపేయడం, ఒప్పుకోవడం లాంటి మనిషి పనైతే సూట్ కూడా మనిషే. ‘ఫైల్డ్ ఎ సూట్’ మాత్రం వేరు, అది కోర్టు దావా.

2. చాలామంది వదిలేసేది ఇందులోని వెటకారం. కింద చాకిరీ చేసేవాళ్లు పైవాళ్లని అనే మాట ఇది. ‘అధికారులు మా ప్రాజెక్టును ఆపారు’ అని రాస్తే చప్పగా ఉంటుంది. ‘ఆ కోటు దొరలు మా ప్రాజెక్టును అటకెక్కించారు’ అనండి, సరిపోతుంది. ఈ వెటకారం ఉంది కాబట్టే ‘ద సూట్స్’ని బాస్‌కి పంపే మెయిల్‌లో వాడొద్దు.

3. ‘ఎంప్టీ సూట్’ అన్నా మనిషే: హోదా ఉంది, సరుకు లేదు.