విశాఖలో ఉండేవారు డీజిల్ ఫోర్ బై ఫోర్ పికప్ కొంటే ముందుగా ఏ మార్పులు చేయించుకోవాలి?

పాడేరు, అరకు కొండల్లో తిరగడానికి పాత డీజిల్ పికప్ ఒకటి చూసుకున్నామని, లిఫ్ట్ కిట్టు (బండి ఎత్తు పెంచే సామాను), మడ్ టైర్లు, బుల్‌బార్ (ముందు బిగించే ఇనుప గార్డు) అనే మూడింటిలో దేనికి ముందు డబ్బు పెట్టాలో చెప్పమని అడిగారు. నేను 2017లో పికప్ కొని, రెండేళ్లు తిరగకుండానే ఆ మూడూ చేయించి, ఆ తరువాత ఒక్కొక్కటిగా ఆ మూడూ తీయించినవాణ్ణి. కాబట్టి నా సమాధానం, దేనికీ వద్దు. ఆ డబ్బులో కొంత చాసిస్‌కు తుప్పు పట్టకుండా చూసుకోవడానికి ఖర్చు పెట్టండి, మిగిలిన దానితో ఒక మంచి గాలి మీటరు, చిన్న కంప్రెసరు కొనుక్కోండి. నా బండి ఏ కంపెనీదో చెప్పను. చెబితే మాట బండిని వదిలి కంపెనీ మీదకు పోతుంది.

అసలు నాకు పికప్ మీద మోజు పుట్టింది 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన మర్నాడు. పెదవాల్తేరులో మా వీధికి అడ్డంగా కూలిన చెట్ల మొద్దులను ఎవరిదో పికప్ గొలుసు కట్టి పక్కకు ఈడుస్తూ ఉంటే, కారు షెడ్డులోంచి తీయలేక అరుగు మీద కూర్చున్న నేను దాన్ని రెండు గంటలు చూశాను. అలాంటి బండి కొనడంలో తప్పు లేదు గాని, కొన్నాక దాన్ని అలాగే ఉంచకుండా ఇంకా పెద్దదిగా కనిపించేలా చేయాలనుకోవడంలోనే నా తప్పంతా ఉంది.

ఊళ్లోని ఒక షెడ్డులో బండిని రెండంగుళాలు లేపించాను. ముందు చక్రాల వైపు స్పేసర్లు అనే దిమ్మలు పెట్టి, వెనుక కమాన్ కట్టలకు అదనంగా ఒక్కో పట్టీ చేర్చారు. 245/70 ఆర్ 16 టైర్లు తీసి 265/75 మడ్ టైర్లు వేయించాను. ఈ మార్పుతో టైరు వ్యాసం 54 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, అయితే ఇరుసు కింద పెరిగే ఎత్తు అందులో సగమే, అంటే 27 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 64 మీద పోతూ ఉంటుంది. 107 కిలోమీటర్లు నడిచినా మీటరులో వంద దగ్గరే కనిపిస్తుంది కనుక, పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందని బాధపడేవారిలో చాలామంది ముందు లెక్క సరిచేసుకోవాలి. (మైలేజీ నిజంగానే పడిపోతుంది, కాని వాళ్లు చెప్పుకున్నంత కాదు.) వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది బ్రేకుల సంగతి. చాలా పికప్‌లలో వెనుక ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య దూరాన్ని బట్టి బరువు ఎంత ఉందో పసిగట్టి, వెనుక బ్రేకులకు ఒత్తిడిని హెచ్చించి తగ్గించే ఒక వాల్వు ఉంటుంది. కమాన్ కట్టలు పెంచి ఆ దూరాన్ని మార్చి, వాల్వు లింకును మాత్రం సరిచేయకుండా వదిలేస్తే, తొట్టి నిండా సరుకున్నా ఖాళీ బండి అనుకుని అది వెనుక బ్రేకును తగ్గించేస్తుంది. అనంతగిరి ఘాటు దిగుతున్నప్పుడు తెలుసుకోవలసిన విషయం కాదిది. షెడ్డు వాళ్లు ఆ లింకు ఊసే ఎత్తలేదు, అడగాలని నాకూ తెలియదు.

ఇక నా కళ్లు తెరిపించిన రోజు గురించి చెబుతాను. జూలై మొదటి వారంలో, పాడేరుకు పైనున్న ఒక గ్రామం నుంచి ఒంటరిగా తిరిగి వస్తున్నాను. రాత్రంతా కురిసిన వానకు ఎర్రమట్టి దారి పిండిలా నానిపోయింది. ఒక చిన్న ఎత్తు దగ్గర బండి ఆగింది. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ ఎక్కువ లాగుడునిచ్చే చిన్న గేరు) వేశాను, యాక్సిలరేటరు తొక్కాను, ముందు చక్రం ఒకటి, వెనుక దానికి అడ్డమూల చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటే మిగిలిన రెండూ కదలకుండా నిలబడ్డాయి. మడ్ టైర్ల గాడులన్నీ బంకమట్టితో పూడిపోయి, నేను వేలకు వేలు పోసి కొన్న ఆ టైర్లు అరిగిపోయిన టైర్ల కంటే నున్నగా తయారయ్యాయి. తొక్కిన కొద్దీ చక్రాలు దిగబడ్డాయి.

ఇంతలో వెనుక నుంచి సంతకు పోయే సర్వీసు జీపు వచ్చి ఆగింది. ఫోర్ బై ఫోర్ కానిది, సన్నటి టైర్లది, లోపల మనుషులు, పైన పనసకాయలు. దారికి నేను అడ్డం కాబట్టి డ్రైవరు దిగక తప్పలేదు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఖాళీ తొట్టిలోకి తొంగి చూసి, "ఏటి సార్, కాళ్లు పెంచారు గాని కడుపు ఖాళీగా ఉంచేశారు, కాలెలా నిలుస్తాది?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి సరిపోయింది. జీపు మీది పనసకాయలు ముప్పై దాకా నా తొట్టిలోకి చేరవేయించాడు. ఒక్కొక్కటి పది కిలోలనుకున్నా మూడు వందల కిలోల బరువు వెనుక ఇరుసు మీద పడింది. ఆ తరువాత ఒక మేకుతో నాలుగు టైర్లలోనూ గాలి తీయడం మొదలుపెట్టాడు. మీటరు లేదు, టైరు పక్క భాగం ఎంత ఉబ్బిందో చూసి ఆపేశాడు. రెండో గేరులో ఉంచి, కాలు బిగించకుండా, చక్రం తిరిగీ తిరగనట్టుగా పోనివ్వమన్నాడు. బండి పైకి వచ్చేసింది. వెనుకే ఆయన జీపు కూడా, ఏ హంగామా లేకుండా. పాడేరులో పంక్చర్ కొట్టు దగ్గర మీటరు పెట్టి చూపిస్తే 19 ఉంది, నేను ఎప్పుడూ పెట్టించేది 35. ఆ పనసపండు వాసన బండిని నెల రోజులు వదల్లేదు.

జరిగినదాంట్లో మాయ ఏమీ లేదు. తొట్టి ఖాళీగా ఉన్న పికప్‌లో బరువు చాలావరకు ముందు ఇంజను వైపే ఉంటుంది. సరుకు మోయడానికి చేసిన గట్టి కమాన్ కట్టలు ఖాళీగా ఉన్నప్పుడు వంగవు, అందుచేత గుంతలో వెనుక చక్రం ఒకటి తేలిపోతుంది. డిఫరెన్షియల్ లాక్ (ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) లేని బండిలో తేలిన చక్రమే తిరుగుతుంది, నేలను పట్టుకున్నది నిలిచిపోతుంది. ఫోర్ బై ఫోర్ అన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగుతాయని అనుకోవడం మా అందరి భ్రమ. గాలి తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది. ఈ పని చేసి పెట్టే లిఫ్ట్ కిట్టు ఏదీ లేదని నేను గట్టిగా చెప్పగలను. కాకపోతే తారు రోడ్డు ఎక్కాక తిరిగి గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. అందుకే ముందు కంప్రెసరు కొనమన్నాను.

బుల్‌బార్ సంగతి ఇంకా సులువు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిమీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది, పాదచారికి తగిలితే ప్రాణాంతకం కాబట్టి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా వాళ్లు ముందు వెతికేది ఇలాంటి మార్పులనే. మీరు చూసిన బండి 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్ 6ది అయి, పొగ గొట్టంలో మసి ఫిల్టరు ఉంటే, దాన్ని తీసేస్తే బండి పరుగెత్తుతుందని చెప్పేవారి మాట వినకండి. అది చట్టవిరుద్ధం. ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకా నగర్ దాకా తిప్పడమే తప్ప మరే పనీ లేకపోతే ఆ ఫిల్టరు మసితో పూడుకుపోతుంది, వారానికొకసారి హైవే మీద అరగంట ఏకధాటిగా నడపండి చాలు.

నాకు అసలు కోపం తెప్పించేది తుప్పు. కొండ మీది ఎర్రమట్టి చాసిస్ పెట్టె గొట్టాల్లో చేరి నీరు కారే రంధ్రాలను మూసేస్తుంది, కింద ఊళ్లో సముద్రపు ఉప్పుగాలి ఆ తడిని ఆరనివ్వదు. షెడ్డుల్లో దాన్ని శుభ్రం చేయకుండా పైన నల్లటి తారు పూత కొట్టి, గ్యారంటీ అంటారు. పూత పగిలిన చోట తేమ లోపలికి దూరి, బయటికి కనిపించకుండా ఇనుమును తినేస్తుంది. నా బండిలో వెనుక కమాన్ కట్ట బిగించే చోట పూత గీకితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. ఆ ముక్క కోసి కొత్త పలక వెల్డింగ్ చేయించడానికి లిఫ్ట్ కిట్టుకైన దానికంటే ఎక్కువే అయింది. కొండ నుంచి దిగిన ప్రతిసారీ చాసిస్ లోపలికి మంచినీళ్లు కొట్టించి, ఆరాక గొట్టాల లోపలికి మైనపు రకం పూత పిచికారీ చేయించండి.

మీరు చూసుకున్న బండికి బయానా ఇచ్చేముందు దాని కింద పడుకుని కమాన్ కట్టలు బిగించే చోట్లను స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే పరవాలేదు, మెత్తగా వినిపిస్తే వదిలేయండి. ఇన్నేళ్లూ అది సముద్రానికి ఎంత దూరంలో నిలబడి ఉండేదో కూడా అడగండి.