తెగిన వానపాము మళ్లీ గుడ్లు పెడుతుందా?

ప్రశ్న: మేడమ్, మాది మల్కాజిగిరి. డాబా మీద టమాటా కుండీల్లో వానపాముల ఎరువు వేస్తాను. మొన్న మట్టి గుల్ల చేస్తుంటే చిన్న పార తగిలి ఒక వానపాము రెండు ముక్కలైంది. రెండూ కదులుతున్నాయి. ‘ఇక రెండు వానపాములవుతాయి, రెండూ గుడ్లు పెడతాయి’ అంటున్నాడు మా మనవడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తోక వస్తుందా, తల వస్తుందా అని అందరూ అడుగుతారమ్మా. గుడ్ల దాకా ఆలోచించిన మీ మనవడంటే నాకు ముచ్చటేసింది.

వానపాము ముందు భాగంలో పట్టీ చుట్టినట్టు కాస్త ఉబ్బుగా ఉంటుంది, అది క్లైటెల్లం. గుడ్ల గూడు తయారయ్యేది అక్కడ. ఈ నగరంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినన్నాళ్లూ చూశాను, మైనపు ట్రేలో వానపామును కోసిన ప్రతి బ్యాచ్ అండాశయాల కోసం ఆ పట్టీ కిందే వెతికేది. అవి అక్కడ ఉండవు. తల నుంచి ఒంటి మీది ఉంగరాలు లెక్కపెడితే 10, 11లో ముష్కాలు (మగ బీజాలు తయారయ్యేవి), 13లో అండాశయాలు, అన్నీ ఆ పట్టీకి ముందే. వానపాము ఆడా మగా రెండూ కదా. కాబట్టి పార ఆ పట్టీకి వెనక తగిలితే ముందు ముక్కలో అన్నీ భద్రంగానే ఉన్నాయి. గాయం మానితే తోక కొంత పెరుగుతుంది, మళ్లీ గుడ్లూ పెట్టగలదు. వెనక ముక్క కాసేపు మెలికలు తిరిగి చనిపోతుంది.

కానీ మీ మనవడి మాట అక్షరాలా నిజమయ్యే పురుగు ఒకటుంది. జపాన్‌లోని ఎంకైట్రియస్ జపానెన్సిస్, వానపాముకు చుట్టమే. తెల్లగా, సుమారు సెంటీమీటరు పొడవుంటుంది. పెరిగాక తనంతట తనే ముక్కలవుతుంది. నాలుగైదు రోజుల్లో ఒక్కో ముక్కా నిండు పురుగవుతుంది. దాని ముష్కాలు 7వ ఉంగరంలో, అండాశయాలు 8వ ఉంగరంలో వస్తాయి. మరి తోక ముక్కలో ఆ ఉంగరాలే లేవు, గుడ్లు ఎక్కడి నుంచి రావాలి?

2006లో అక్కడి శాస్త్రవేత్తలు దీనికి జవాబు చూపించారు. పీవీ అనే జన్యువు పనిచేసే బీజకణాలు, అంటే గుడ్లు, మగ బీజాలుగా మారే కణాలు, ఆ పురుగు ఒళ్లంతా అక్కడొకటి ఇక్కడొకటిగా ముందే ఉంటాయి. కొత్త తల మొలుస్తుంటే అవి అటు నడిచి వెళ్లి చేరతాయి, బీజకోశాలు, అంటే ముష్కాలు, అండాశయాలు, ఏర్పడేది వాటి నుంచే. మిగతా ఒళ్లు కట్టే మూలకణాలు వేరు, ఇవి వేరు. రైతు తిండిగింజల్లో కలవకుండా విత్తనాలు విడిగా దాచుకున్నట్టు! ఇది చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. వీటితో పాటు అనెలిడా అనే ఉంగరాల పురుగుల వర్గంలోనే ఉన్న జలగకైతే పోయిన ఉంగరం ఒక్కటి కూడా తిరిగి రాదు.

ముందు ముక్క ఇంకా ఉంటే నీడలో, తడి మట్టిలో వదలండి. ఇకమీదట పార వద్దు, చేతివేళ్లతోనే గుల్ల చేయండి. అప్పుడు నిమ్మకాయ ఆకారంలో, గింజంత, పసుపు గోధుమ రంగు గూళ్లు కనిపిస్తాయేమో మీ మనవణ్ణి చూడమనండి. వానపాము గుడ్లుండేది వాటిలోనే.